టీవీ, ప్రొజెక్టర్, మానిటర్: మూడు తెరలకూ ఒకే హోమ్ థియేటర్ పీసీ అమర్చుకోవడం ఎలా

కంప్యూటర్‌కు రెండో తెర తగిలించడానికి ఒక కేబుల్ చాలు. చిక్కులన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. బొమ్మ టీవీలో కనిపిస్తుంటుంది, మాటలు మాత్రం మానిటర్ స్పీకర్లలోంచి వినిపిస్తుంటాయి. టీవీ ఆపి మళ్లీ వేసేసరికి తెరిచి ఉంచిన విండోలన్నీ పక్క తెర మీదికి చేరిపోయి ఉంటాయి. ఆపేసి ఉన్న ప్రొజెక్టర్ వైపు వెళ్లిపోయిన మౌస్ బాణం ఎంత కదిపినా కనిపించదు. ఒక్కొక్కటీ చిన్నదే, మీరైతే నిమిషంలో సరిచేసుకుంటారు. కానీ హోమ్ థియేటర్ ఇంటిల్లిపాదీ వాడేది. రిమోట్ చేతిలోకి తీసుకున్న ఎవరైనా సరే మిమ్మల్ని కేకేయకుండా సినిమా పెట్టుకోగలిగితేనే అది కుదిరినట్టు. కింద చెప్పిన ప్రతి అమరికనూ నేను ఆ లెక్కతోనే ఎంచుకున్నాను.

మీ దగ్గర విండోస్ 11, కోడి (Kodi) అనే సినిమా ప్లేయర్ ప్రోగ్రాం ఉన్నాయనుకుని చెబుతున్నాను. లినక్స్ వాడేవారికి మెనూల పేర్లు మారతాయి తప్ప పనుల వరుస ఇదే.

1. ఏ తెరకు ఏ పనో ముందే తేల్చుకోండి

కేబుళ్లు ముట్టుకోకముందే ఒక కాగితం మీద రాసుకోండి: సినిమా ఏ తెర మీద, రోజువారీ పని ఏ తెర మీద, ఏ రెండు తెరలు ఒకేసారి వెలిగి ఉంటాయి. టీవీ, ప్రొజెక్టర్ రెండూ ఒకే గదిలో ఉంటే సాధారణంగా ఒకటి వెలిగినప్పుడు ఇంకొకటి ఆగి ఉంటుంది. అదే మానిటర్ పక్క గదిలో ఉంటే టీవీలో సినిమా నడుస్తుండగానే మరొకరు దాని మీద పని చేసుకోవచ్చు. ఈ రెండింటి అమరిక ఒకటి కాదు.

విండోస్ కీ, పీ కలిపి నొక్కితే నాలుగు పద్ధతులు కనిపిస్తాయి: పీసీ తెర మాత్రమే, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, రెండో తెర మాత్రమే. చాలామంది డూప్లికేట్ వైపు మొగ్గుతారు, అన్ని తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది కదా అని. నా సలహా ఏమిటంటే దానికి దూరంగా ఉండండి. డూప్లికేట్‌లో రెండు తెరలూ ఒప్పుకునే రిజల్యూషన్‌కు (బొమ్మలోని చుక్కల సంఖ్య), రిఫ్రెష్ రేటుకు (బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో) అంతా దిగిరావాల్సిందే. 4కె టీవీని 1080పి మానిటర్‌తో జత చేస్తే మీ టీవీ కూడా మామూలుగా 1080పి బొమ్మే చూపిస్తుంది. ఎక్స్‌టెండ్‌లో ఏ తెర సెట్టింగులు ఆ తెరవే. దాన్నే ఇంటి నియమంగా పెట్టుకోండి.

2. పెట్టెలో ఏముండాలి

సినిమాలు చూడటానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. కావలసింది కుదించిన వీడియోను హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేసే, అంటే విప్పే శక్తి. 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతికి ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ నుంచి ఆ వసతి ఉంది. యూట్యూబ్ వంటివి వాడుతున్న ఏవీ1 అనే మరో పద్ధతి కోసం ఇంటెల్ పదకొండో తరం, లేదా ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 వరుస నుంచి చూసుకోవాలి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న పెట్టె కూడా ఈ పని హాయిగా చేస్తుంది, మూడు తెరలను నడుపుతుంది.

పోర్టులు లెక్కపెట్టి మోసపోకండి. వెనకాల నాలుగు పోర్టులున్నంత మాత్రాన నాలుగు తెరలూ ఒకేసారి వెలుగుతాయని కాదు. చిప్ స్పెసిఫికేషన్‌లో గరిష్ఠంగా ఎన్ని డిస్‌ప్లేలో రాసి ఉంటుంది, అదే నమ్మండి. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లో తెరలన్నీ ఆ కార్డుకే తగిలించండి. మదర్‌బోర్డు మీది పోర్టు పని చేయాలంటే చాలా కంప్యూటర్లలో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ) వెళ్లి లోపలి గ్రాఫిక్స్‌ను విడిగా ఆన్ చేయాల్సి ఉంటుంది. యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎంఐ ఇచ్చే అడాప్టర్లు పని తెరకు పర్వాలేదు, సినిమా తెరకు వద్దు.

ఇక చప్పుడు. సినిమాలో నిశ్శబ్ద సన్నివేశం వచ్చినప్పుడే ఫ్యాన్ వినిపిస్తుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను, సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీ, సినిమాల హార్డ్‌డిస్కులు వీలైతే వేరే గదిలో. పెట్టెను మూసి ఉన్న అరలో దూర్చకండి. వేడెక్కితే ఫ్యాన్ ఇంకా అరుస్తుంది.

3. కేబుళ్లు: తొందరపడితే ఇక్కడే దెబ్బ తగిలేది

హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కె బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం సెకనుకు 18 గిగాబిట్లు, అంటే 4కె 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు). హెచ్‌డీఎంఐ 2.1 గరిష్ఠంగా 48 గిగాబిట్లు, 4కె 120 హెర్ట్జ్ దాకా. టీవీలో నాలుగు పోర్టులుంటే నాలుగూ ఒకే రకం అనుకోవద్దు. ఏదో ఒకటి రెండింటికే పూర్తి వేగం ఉండవచ్చు. పోర్టు పక్కన ముద్రించిన అక్షరాలు, మాన్యువల్ రెండూ చూడండి.

పోర్టు సరైనదే అయినా టీవీ మెనూలో ఆ పోర్టుకు పూర్తి వేగాన్ని విడిగా ఆన్ చేయాల్సి రావచ్చు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్. ఇది ఆఫ్‌లో ఉంటే మీరు కంప్యూటర్ వైపు ఎంత వెతికినా హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే బొమ్మ), 60 హెర్ట్జ్ కలిసి కనిపించవు.

కేబుల్ మీద వెర్షన్ నంబరు కాదు, ధ్రువీకరణ పేరు చూసి కొనండి. 18 గిగాబిట్లకు ప్రీమియం హై స్పీడ్, 48 గిగాబిట్లకు అల్ట్రా హై స్పీడ్. వీటి పెట్టె మీద ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉంటుంది. గోడలోంచో పైకప్పు మీదుగానో ప్రొజెక్టర్ దాకా లాగాల్సిన పొడుగాటి కేబుల్ సంగతి వేరు. ఐదు మీటర్లు దాటాక మామూలు రాగి కేబుల్ 4కె 60 హెర్ట్జ్ దగ్గర తడబడటం మొదలుపెడుతుంది. తెర క్షణకాలం నల్లబడి మళ్లీ రావడం, బొమ్మ మీద తెల్లటి చుక్కలు మిణుకుమనడం దాని గుర్తులు. అంత దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి. దానికి ఒక కొస సోర్స్, మరో కొస డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి పెడితే బొమ్మ రాదు. గోడలో వేసే ముందు నేల మీదే పరిచి, రెండు కొసలూ తగిలించి, ఒక సినిమా పూర్తిగా నడిపి చూసి, అప్పుడు లోపలికి పంపండి. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న అడాప్టర్ ఒక దిశలోనే పని చేస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కు వెళ్లాలంటే కరెంటు తీసుకునే యాక్టివ్ అడాప్టర్ కావాలి.

మధ్యలో స్ప్లిటరో (ఒక సిగ్నల్‌ను రెండు తెరలకు పంచేది) ఏవీ రిసీవరో (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) ఉంటే హెచ్‌డీసీపీ గుర్తుంచుకోండి. ఇది కాపీ కాకుండా సిగ్నల్‌కు వేసే తాళం. 4కె స్ట్రీమింగ్‌కు హెచ్‌డీసీపీ 2.2 అడుగుతారు, దారిలో ఉన్న ప్రతి పరికరానికీ అది ఉండాలి. ఒక్క పాత స్ప్లిటర్ చాలు, బొమ్మ తక్కువ నాణ్యతకు పడిపోవడానికో, అసలు రాకపోవడానికో. కొన్ని సర్వీసులు సినిమా ఆడుతున్న తెరతో ఆగకుండా కంప్యూటర్‌కు తగిలించిన తెరలన్నిటినీ పరీక్షిస్తాయి. పక్కనున్న పాత మానిటర్ పీకేయగానే 4కె వచ్చిందంటే కారణం అదే.

4. విండోస్‌లో తెరల అమరిక

తెరలన్నీ వెలిగించి సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే తెరవండి. ఐడెంటిఫై నొక్కితే ప్రతి తెర మీదా దాని అంకె కనిపిస్తుంది. ఎవరైనా కూర్చుని పని చేసే మానిటర్ ఉంటే దాన్నే మెయిన్ డిస్‌ప్లేగా పెట్టండి. కొత్త విండోలు, హెచ్చరికలు మామూలుగా మెయిన్ తెర మీదే తెరుచుకుంటాయి కాబట్టి సినిమా మీద అడ్డం పడవు. మానిటర్ లేకపోతే సరే, టీవీయే మెయిన్.

ఇప్పుడు మౌస్ సంగతి. ఆ పేజీలో తెరల బొమ్మలను మౌస్‌తో లాగి అమర్చవచ్చు. మామూలుగా అందరూ పక్కపక్కన ఆనించి పెడతారు. అలా పెడితే పని చేస్తున్నవారి బాణం టీవీలోకి ఇట్టే జారిపోతుంది. టీవీ బొమ్మను మానిటర్‌కు ఐమూలగా, ఒక్క మూల మాత్రమే తగిలేట్టు పెట్టండి. అప్పుడు బాణం ఆ మూల బిందువు గుండా తప్ప అవతలికి దాటలేదు. మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద తెరల మధ్య బాణం కదలికను సులువు చేసే సెట్టింగు ఉంటే దాన్ని ఆపేయండి.

అక్కడే ఇంకో రెండు సెట్టింగులున్నాయి. మానిటర్ కనెక్షన్‌ను బట్టి విండోల చోటు గుర్తుంచుకోవడం ఒకటి, మానిటర్ ఊడినప్పుడు దాని మీది విండోలను మినిమైజ్ చేయడం రెండోది. రెండూ టిక్ చేసి ఉంచండి. అయినా ఏదో ఒక విండో ఆపేసి ఉన్న తెర మీద చిక్కుకుపోవచ్చు. దాన్ని ఎంచుకుని విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణమో కుడి బాణమో నొక్కితే ఈ తెరకు వచ్చేస్తుంది.

సినిమా తెర ఓఎల్‌ఈడీ అయితే టాస్క్‌బార్‌ను అన్ని తెరల మీదా చూపించే టిక్ తీసేయండి, వాల్‌పేపర్ నల్లగా పెట్టండి. కదలకుండా నిలిచి ఉండే బొమ్మ అలాంటి తెరకు మంచిది కాదు.

5. బొమ్మ నిఖార్సుగా రావాలంటే

ముందు అంచులు చూడండి. డెస్క్‌టాప్ అంచులు టీవీ చట్రం వెనక్కి పోయినట్టుంటే అది ఓవర్‌స్కాన్. దాన్ని కంప్యూటర్లో సరిచేయకండి, టీవీలోనే చేయండి. జస్ట్ స్కాన్, ఫిట్ టు స్క్రీన్ లాంటి పేర్లతో పిక్చర్ సైజు మెనూలో ఉంటుంది.

నలుపు బూడిద రంగులో పాలిపోయినా, చీకటి సన్నివేశాల్లో మనుషులు కనబడక అంతా ఒకే నల్ల ముద్దలా ఉన్నా అది రంగుల పరిధి తేడా. కంప్యూటర్ 0 నుంచి 255 దాకా వాడుతుంది, టీవీ సంప్రదాయం 16 నుంచి 235. ఏదైనా సరే, గ్రాఫిక్స్ డ్రైవర్లో ఉన్నదీ టీవీ బ్లాక్ లెవెల్‌లో ఉన్నదీ ఒకటే కావాలి.

ఇప్పుడు రిఫ్రెష్ రేటు. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు, డిస్కుల మీదా స్ట్రీమింగ్‌లోనూ ఎక్కువగా 23.976. టీవీకి 60 హెర్ట్జ్ పంపితే 24 ఫ్రేములను 60 గడుల్లో సర్దాలి, సమానంగా పడవు. ఒక ఫ్రేము 50 మిల్లీసెకన్లు నిలుస్తుంది, దాని తర్వాతది 33. ఇంటి ముంగిట నెమ్మదిగా అడ్డంగా సాగే కెమెరా షాట్ ఏదైనా పెట్టి చూడండి. స్తంభాలు, కిటికీలు జారకుండా చిన్న చిన్న కుదుపులతో కదులుతాయి. అదే షాట్‌ను 24 హెర్ట్జ్‌లో చూస్తే గీత గీసినట్టు సాగిపోతుంది. ఒకసారి ఈ తేడా కంటికి తగిలాక మళ్లీ 60లో సినిమా చూడబుద్ధి కాదు.

దీనికి డెస్క్‌టాప్‌ను 24 హెర్ట్జ్‌లో ఉంచకండి, మౌస్ కదలిక భరించలేరు. డెస్క్‌టాప్ 60లోనే ఉండనిచ్చి, సినిమా మొదలైనప్పుడు మార్చి ముగిశాక వెనక్కి తెచ్చే పని కోడికి అప్పగించండి. ఇందులో ఇంకో లాభముంది. హెచ్‌డీఎంఐ 2.0లో 4కె 60 హెర్ట్జ్‌కు 10 బిట్ రంగు పూర్తి ఆర్‌జీబీలో పట్టదు, 4:2:2 లాంటి రంగుల కుదింపు తప్పదు. 24 హెర్ట్జ్‌లో 12 బిట్ ఆర్‌జీబీ కూడా హాయిగా పడుతుంది.

హెచ్‌డీఆర్‌ను ప్రతి తెరకూ విడిగా ఆన్, ఆఫ్ చేయవచ్చు. డెస్క్‌టాప్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉంచాల్సిన పని లేదు. విండోస్ కీ, ఆల్ట్, బీ కలిపి నొక్కితే మారుతుంది.

6. శబ్దం: చాలామంది వదిలేసేది

హెచ్‌డీఎంఐతో తగిలించిన ప్రతి తెరా విండోస్‌కు ఒక స్పీకర్ కూడా. టీవీ ఆపగానే ఆ స్పీకర్ జాబితాలోంచి మాయమవుతుంది, విండోస్ మిగిలిన వాటిలో ఒకదాన్ని తానే ఎంచుకుంటుంది. టీవీ మళ్లీ వెలిగాక అన్నిసార్లూ వెనక్కి రాదు. పరిష్కారం డిఫాల్ట్ మీద ఆధారపడకపోవడమే. కోడిలో సెట్టింగ్స్, సిస్టమ్, ఆడియోలోకి వెళ్లి, అవుట్‌పుట్‌గా డిఫాల్ట్ కాకుండా వాసాపీ (WASAPI) అని మొదలయ్యే పేర్లలో మీ టీవీ లేదా రిసీవర్ పేరున్నది ఎంచుకోండి. బ్రౌజర్ లాంటి ఇతర అప్లికేషన్లకు విండోస్ వాల్యూమ్ మిక్సర్‌లో ఒక్కొక్క దానికీ వేర్వేరు పరికరం కేటాయించవచ్చు. అప్పుడు మానిటర్ దగ్గర ఎవరో చూస్తున్న వీడియో శబ్దం హాల్లో సినిమా మధ్యలో దూరదు.

ఏవీ రిసీవర్ ఉంటే దారులు రెండు. రిసీవర్ 4కె, హెచ్‌డీఆర్ దాటించగలిగితే కంప్యూటర్ నుంచి రిసీవర్‌కు, అక్కడి నుంచి టీవీకి. రిసీవర్ పాతదైతే కంప్యూటర్ నుంచి నేరుగా టీవీకి, టీవీ నుంచి ఆర్క్ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే శబ్దాన్ని టీవీ నుంచి వెనక్కి పంపే వసతి) మీదుగా రిసీవర్‌కు. మామూలు ఆర్క్ డాల్బీ డిజిటల్ లాంటి కుదించిన శబ్దం మోస్తుంది. ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో లాంటివి నష్టం లేకుండా వెళ్లాలంటే దాని మెరుగైన రూపమైన ఈఆర్క్ కావాలి. ఆప్టికల్ కేబుల్ అయితే రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని శబ్దం), లేదా కుదించిన 5.1, అంతే.

రిసీవర్‌కు శబ్దం కోసమే రెండో హెచ్‌డీఎంఐ కేబుల్ లాగే పద్ధతి కూడా ఉంది. బాగానే పని చేస్తుంది, కానీ విండోస్ రిసీవర్‌నూ ఒక తెరే అనుకుంటుంది. ఎవరికీ కనిపించని ఆ తెర మీదికి విండోలు పోతాయి, మౌస్ పోతుంది. దాన్ని తీసేస్తే శబ్దమూ పోతుంది. కాబట్టి ఉంచండి, రిజల్యూషన్ తక్కువకు దించండి, టీవీకి చెప్పినట్టే ఐమూలన మూల మాత్రమే తగిలేలా పెట్టండి.

పాస్‌త్రూ, అంటే శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు రిసీవర్‌కు పంపే సెట్టింగు, ఆన్ చేసేది మీ రిసీవర్ నిజంగా డీకోడ్ చేయగల ఫార్మాట్లకే. పెదవులు ఒక క్షణం, మాట ఒక క్షణం అయితే ముందు టీవీలో బొమ్మకు మెరుగులు దిద్దే సెట్టింగులు ఆపి చూడండి. తర్వాతే కోడి ఆడియో ఆఫ్‌సెట్ ముట్టుకోండి.

7. కోడి

కోడి 2002లో ఎక్స్‌బాక్స్ కోసం పుట్టిన ప్లేయర్, 2014లో ఈ పేరు పెట్టుకుంది. సెట్టింగుల పేజీలో ఎడమ వైపు కింద ఉన్న గేరు గుర్తు మీద నొక్కి స్థాయిని ఎక్స్‌పర్ట్‌కు మార్చండి, లేకపోతే సగం సెట్టింగులు కనిపించవు. సిస్టమ్, డిస్‌ప్లేలో మానిటర్ దగ్గర సినిమా తెరను ఎంచుకోండి. పక్కనే మిగతా తెరలను నల్లగా చేసే సెట్టింగు ఉంది. అదే గదిలో మానిటర్ ఉంటే ఆన్ చేయండి, వేరే గదిలో ఎవరైనా పని చేస్తుంటే వద్దు. ప్లేయర్, వీడియోస్‌లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్‌ను ఆన్ స్టార్ట్/స్టాప్‌కు మార్చండి. రేటు మారేటప్పుడు తెర రెండు మూడు సెకన్లు నల్లబడుతుంది, ఆ లోగా సినిమా మొదటి మాటలు పోకుండా సిస్టమ్, డిస్‌ప్లేలో ఉన్న ఆలస్యాన్ని కూడా అంతే పెట్టండి.

తెరలు ఒకటికి మించినప్పుడు రిమోట్‌తో వచ్చే చిక్కొకటి ఉంది. యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే రిమోట్లు చాలావరకు కంప్యూటర్ దృష్టిలో కీబోర్డులే. మానిటర్ మీద ఎవరైనా ఒక విండో మీద క్లిక్ చేశారంటే మీరు నొక్కిన పాజ్ కోడికి కాకుండా ఆ విండోకు వెళుతుంది. రిమోట్ పాడైందని బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లో కోడి వారి సొంత రిమోట్ యాప్ కోరె (Kore) పెట్టుకుని, సెట్టింగ్స్‌లో సర్వీసెస్, కంట్రోల్ కింద హెచ్‌టీటీపీ రిమోట్ కంట్రోల్‌ను పాస్‌వర్డ్‌తో ఆన్ చేయండి. ఆ ఆదేశాలు నెట్‌వర్క్ మీదుగా నేరుగా కోడికే చేరతాయి, ఏ విండో ముందున్నా ఫరవాలేదు.

8. ఆన్, ఆఫ్, నిద్ర

కంప్యూటర్‌ను పూర్తిగా ఆపే బదులు స్లీప్‌లో ఉంచండి. కీబోర్డు లేదా రిమోట్ రిసీవర్‌తో లేవాలంటే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరానికి కంప్యూటర్‌ను లేపే అనుమతి ఇవ్వాలి. లాగిన్ అవగానే కోడి తెరుచుకునేలా స్టార్టప్ ఫోల్డర్లో దాని షార్ట్‌కట్ వేయండి.

ముందు టీవీ, తర్వాత కంప్యూటర్. ఈ వరుస ఇంట్లో అందరికీ చెప్పండి. కంప్యూటర్ లేచేటప్పుడు తెర తన రిజల్యూషన్, శబ్దం వివరాలను ఈడీఐడీ రూపంలో అందిస్తుంది. అది అందకపోతే విండోస్ తెర లేదనుకుంటుంది. వరుస పాటించినా పదే పదే ఇదే జరిగితే కేబుల్ మధ్యలో పెట్టే ఈడీఐడీ ఎమ్యులేటర్ దొరుకుతుంది, టీవీ ఆగి ఉన్నా వెలిగే ఉందని కంప్యూటర్ నమ్ముతుంది. కొనేముందు అది హెచ్‌డీఆర్, హెచ్‌డీసీపీ 2.2 దాటిస్తుందో లేదో చూడండి. ఒకే రిమోట్‌తో టీవీని, కోడిని నడపాలనుకుంటే హెచ్‌డీఎంఐ సీఈసీ (రిమోట్ ఆదేశాలను కేబుల్ మీదుగా పంపే వసతి) కావాలి. పీసీ గ్రాఫిక్స్ కార్డుల్లో అది సాధారణంగా ఉండదు. పల్స్‌ఎయిట్ యూఎస్‌బీ అడాప్టర్ ఆ లోటు తీరుస్తుంది.

9. సరిచూసి, భద్రపరచండి

అన్నీ ఆపేసి, పది నిమిషాలయ్యాక రిమోట్ ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ అమరికలో ఇంకా పని ఉంది. మీరు మాత్రం నోరు విప్పకండి. తర్వాత అదే పరీక్ష మానిటర్ వెలిగి ఉండగా, ఆ పైన టీవీ ఆపి ప్రొజెక్టర్ వేసి చేయండి.

అంతా కుదిరాక నిర్‌సాఫ్ట్ వారి మల్టీమానిటర్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో తెరల అమరికను ఫైలుగా దాచుకోండి. టీవీ రాత్రి, ప్రొజెక్టర్ రాత్రి అని రెండు ఫైళ్లు చేసి, ఒక్కోదానికి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెడితే ఒక్క క్లిక్కుతో మారిపోవచ్చు. కేబుళ్లకు రెండు కొసలా పేరు రాసిన చీటీ అంటించండి, కంప్యూటర్ వెనకవైపు ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఉంచండి. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మూడు చూసుకోండి: రిఫ్రెష్ రేటు, రంగుల పరిధి, శబ్దం వెళ్లే పరికరం. అప్‌డేట్ తర్వాత ఇవి ఒక్కోసారి మొదటికొస్తాయి. తెరల అమరిక, రిఫ్రెష్ రేటు ఆ ఫైలును మళ్లీ లోడ్ చేస్తే తిరిగొస్తాయి, రంగుల పరిధిని డ్రైవర్ ప్యానెల్‌లో, శబ్దాన్ని కోడిలో మీరే సరిచేసుకోవాలి.